పెన్షన్ పొదుపు: ఛార్జీ తక్కువైతే చాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. జీతంలోంచి నెలనెలా పెన్షన్‌కు డబ్బు కట్ అవుతుంది. దాన్ని ఎవరు ఎక్కడ పెడుతున్నారో, అందుకు ఎంత తీసుకుంటున్నారో పట్టించుకునేవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో ఇప్పుడు ఈ విషయం మీదే నిబంధనలు మారబోతున్నాయి. సభ్యుల తరఫున పెన్షన్ ఫండ్ వ్యవహారాలు చూసే ట్రస్టీ ఒకరు, పొదుపుదారుల తరఫున మాట్లాడే ఆర్థిక విశ్లేషకురాలు ఒకరు మనతో ఉన్నారు. మేడమ్, ఏడాదికి ముప్పావు శాతం ఛార్జీ అంటే పెద్ద లెక్కా?

విశ్లేషకురాలు: ఒక్క ఏడాది చూస్తే కాదండీ. చిక్కంతా అక్కడే ఉంది. ఛార్జీ పడేది ఈ ఏడు కట్టిన చందా మీద కాదు, అప్పటిదాకా పోగైన మొత్తం మీద. 40 ఏళ్ల పాటు ఏటా ఒకే మొత్తం కట్టారనుకోండి, రాబడి 5 శాతం. అందులో 0.75 శాతం ఛార్జీకి పోతే చివర్లో చేతికొచ్చేది దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. అదే 0.3 శాతమైతే తగ్గేది 7 శాతం. ఉద్యోగి తనంతట తాను ఏదీ ఎంచుకోకపోతే డబ్బు వెళ్లే డిఫాల్ట్ ఫండ్లలో ఛార్జీ 0.75 శాతం దాటకూడదని 2015 ఏప్రిల్‌లో పరిమితి పెట్టింది ఇందుకే.

ట్రస్టీ: పరిమితి మంచిదే, కాదనను. కానీ పోటీ అంతా ఛార్జీ చుట్టూనే తిరగడం మొదలైంది. 2012లో ఆటోమేటిక్ నమోదు వచ్చాక ఉద్యోగి అడగక్కర్లేకుండానే పథకంలో చేరిపోతున్నాడు. ఏ పథకమో తేల్చేది కంపెనీ. కంపెనీ హెచ్ఆర్ వాళ్లకు పోల్చుకోడానికి సులువుగా దొరికే అంకె ఒక్కటే, ఛార్జీ. ఇక మౌలిక వసతుల్లాంటి వాటిలో పెట్టుబడి పెట్టాలంటే ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు పెడితే ఛార్జీ పెరిగి, కంపెనీలు వేరే ఫండ్‌ను ఎంచుకుంటాయని ఫండ్లకు భయం.

విశ్లేషకురాలు: ఆగండి సార్. ‘ఖర్చు కాస్త ఎక్కువైనా రాబడి బాగుంటుంది’ అనే మాట అమ్మేవాళ్లందరూ చెప్పేదే. రాబడి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఛార్జీ మాత్రం ఖాయంగా పోతుంది.

ట్రస్టీ: అందుకేగా మాటల మీద వదిలెయ్యకుండా కొలవమని కొత్త నిబంధనల్లో అంటున్నారు!

వ్యాఖ్యాత: ఏం కొలుస్తారు సార్?

ట్రస్టీ: ఛార్జీ, పెట్టుబడి రాబడి, సేవల నాణ్యత, మూడూ కలిపి. బ్రిటన్ ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ 2024 ఆగస్టులో తెచ్చిన ప్రతిపాదనలో ఎరుపు, అంబర్, ఆకుపచ్చ రేటింగులున్నాయి. ఆకుపచ్చ రాకపోతే కొత్త కంపెనీలను చేర్చుకోడానికి వీల్లేదు. ఎరుపు వస్తే ఉన్న చందాదారులను మెరుగైన చోటికి మార్చే సంగతి ఆలోచించాలి.

విశ్లేషకురాలు: మీ రేటింగ్ మీరే వేసుకుంటారు, అది కూడా చెప్పండి.

ట్రస్టీ: మొదటి అంచనా మాదే, నిజం. పోల్చిచూసే డేటా మాత్రం అందరికీ కనబడుతుంది.

విశ్లేషకురాలు: డేటా చూసి సొంతంగా ఫండ్ మారే ఉద్యోగి ఎంతమంది ఉంటారండీ? ఆస్ట్రేలియాలో పరీక్ష పెట్టేది ఫండ్లు కాదు, నియంత్రణ సంస్థ. 2021లో మొదటిసారి 76 డిఫాల్ట్ పథకాలను పరీక్షిస్తే 13 ఫెయిలయ్యాయి. తప్పిన ఫండ్ ‘మేం ఫెయిలయ్యాం, మీరు వేరేది చూసుకోండి’ అన్నట్టు సభ్యులకు లేఖ రాయాలి. ఇంత ఇబ్బందికరమైన లేఖ ఏ కంపెనీ అయినా తనంతట తాను రాస్తుందా? వరుసగా రెండేళ్లు తప్పితే కొత్త సభ్యులను చేర్చుకోకూడదు. చాలా ఫండ్లు వేరేవాటిలో కలిసిపోయాయి. ఉత్తరాలు చదివి జనం మారినదానికంటే, ఆ తలుపు మూసుకుపోవడమే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

ట్రస్టీ: దానికో దుష్ఫలితం ఉంది మేడమ్. ఫెయిలవుతామన్న టెన్షన్‌తో మేనేజర్లు పరీక్షలో పోల్చిచూసే మార్కెట్ సూచీకి అతుక్కుపోయారు. పరీక్షలో లేని పెట్టుబడి జోలికి పోవడం మానేశారు. కొంత స్వేచ్ఛ కావాలి.

విశ్లేషకురాలు: కావచ్చు. కానీ స్వేచ్ఛ పేరుతో పదేళ్లు వెనకబడ్డ ఫండ్లో ఇరుక్కున్న మనిషికి ఏం చెబుతారు? ఆ మనిషి దాన్ని ఎంచుకోలేదు కూడా.

వ్యాఖ్యాత: బ్రిటన్‌లో ఇద్దరు నియంత్రకులున్నారు కదా?

ట్రస్టీ: అవును. ట్రస్టు పథకాలు పెన్షన్స్ రెగ్యులేటర్ కింద, బీమా కంపెనీల ఒప్పంద పథకాలు కండక్ట్ అథారిటీ కింద. ఉద్యోగికి ఈ తేడాతో పనిలేదు, కొలత ఒకటే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ గొడవ లేదు. ఇంకోటి చెప్పాలి. కనీస చందా ఉద్యోగిదీ కంపెనీదీ కలిపి 8 శాతం. అదీ మొత్తం జీతం మీద కాదు, 6,240 పౌండ్ల నుంచి 50,270 పౌండ్ల మధ్య ఉన్న భాగం మీదే. ఎంత గొప్ప ఫండైనా తక్కువ చందాను పెద్ద పెన్షన్ చెయ్యలేదు.

విశ్లేషకురాలు: ఉద్యోగం మారినప్పుడల్లా ఒక చిన్న ఖాతా వెనక మిగిలిపోవడం కూడా అంతే. చందా రాని ఖాతా మీదా ఛార్జీ పడుతూనే ఉంటుంది. 1,000 పౌండ్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఒకచోటికి చేర్చే ఏర్పాటును 2025 జూన్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన పెన్షన్ బిల్లులో పెట్టారు. ఆ బిల్లులో నాకు బాగా నచ్చినది అదే.

వ్యాఖ్యాత: ఈ రేటింగులు ఎప్పటికి వస్తాయి?

ట్రస్టీ: 2028లో మొదలుపెట్టాలని ప్రభుత్వ ప్రణాళిక.

విశ్లేషకురాలు: పాత కంపెనీల పెన్షన్ కాగితాలు వెతికే పనిని మాత్రం 2028 దాకా ఆపుకోకండి. వెనక మిగిలిపోయిన ఖాతాలను కనిపెట్టడానికి ప్రభుత్వ సేవ ఇప్పటికే ఉంది, ఉచితం.