ఉప్పు మడుల చరిత్రను కాపాడుకోవడం ఎలా? – ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం

సమర్పకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి ప్రసారమవుతున్న ఈ కార్యక్రమంలో, మన తీరప్రాంతపు సంప్రదాయ ఉప్పు తయారీని నమోదు చేయడం, పరిశోధించడం గురించి మీ సందేహాలకు చరిత్ర ఆచార్యులు ఒకరు సమాధానాలు ఇస్తారు. మొదటి ఫోన్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. మా పుట్టింటివారు చినగంజాం వైపు తరతరాలుగా ఉప్పు మడులు చేయించారు. మా నాన్నగారి ట్రంకు పెట్టెలో లైసెన్సు కాగితాలు, పద్దుల పుస్తకాలు, మడిలో ఉప్పు లాగే చెక్క పనిముట్టు ఒకటి ఉన్నాయి. కాగితాలు మడతల దగ్గర చిరుగుతుంటే మా అబ్బాయి లామినేషన్ చేయిద్దామంటున్నాడు.

ఆచార్యులు: అమ్మా, దయచేసి ఆ పని చేయించకండి. వేడితో అతికిన ప్లాస్టిక్ పొరను తరువాత కాగితం చెడకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లో టేపు కూడా వద్దు. ప్రతి కాగితాన్నీ పగటి వెలుతురులో రెండువైపులా ఫొటో తీసి, పాత నూలుబట్టలో చుట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. చెక్కను కడగవద్దు, వార్నిష్ పూయవద్దు. మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు. అన్నట్టు, ఆ మడుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఇంకా ఉన్నారా?

శ్రోత: మా నాన్నగారి దగ్గర పనిచేసిన పెద్దాయన ఒకరు ఉన్నారండీ. ఎనభై దాటాయి.

ఆచార్యులు: అయితే పెట్టె సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయనను ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే నాలుగు ముక్కల్లో ముగించేస్తారు. ఎండలు ముదిరి మడుల్లో పని జరిగే రోజుల్లో, ఓపిక ఉంటే, పొద్దున్నే గట్టు మీదికి తీసుకువెళ్లండి. నీరు ఇంకిపోకుండా మడి అడుగును కాళ్లతో తొక్కి ఎలా గట్టిపరిచేవారో, ఏ మట్టి పనికివస్తుందో, ఏది రాదో అక్కడ చూపిస్తూ చెబుతారు. నీటిలో లవణాల గాఢతను చెప్పే బామే కొలతలో సముద్రపు నీరు సుమారు 3.5 డిగ్రీలు ఉంటుంది. అది మడి నుంచి మడికి మారుతూ ఎండి, 25 డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. 29 దాటాక కూడా మిగిలిన నీటిని వదిలేయకపోతే అందులోని మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని చెమ్మను పీల్చుకుని నీరుకారుతుంది. ఇప్పుడు ఆ గాఢతను కొలవడానికి హైడ్రోమీటరు అనే పరికరం ఉంది. అది చేతికి రాకముందు, నీటి మీద తేలే పలుచని తెల్లటి పొరను బట్టా, వేలికి తగిలే జిగటను బట్టా, గాలి వాలును బట్టా, ఆ సమయం వచ్చిందని ఆయన ఎలా గుర్తుపట్టేవారో అడగండి. ఆ గుర్తులు మీ పద్దుల పుస్తకాల్లో దొరకవు. కూలి ఎంత ఇచ్చేవారో, ఉప్పునీటిలో నానిన పాదాల పుండ్లకు, తెల్లని కుప్పల మీద ఎండ మెరుపుకు దెబ్బతినే కళ్లకు ఏం చేసుకునేవారో కూడా అడగాలి. యజమాని ఇంటి ఆడపడుచు ముందు ఆయన మొహమాటపడవచ్చు కనుక, ఆ భాగం వేరొకరి చేత అడిగించడం మంచిది. రికార్డు చేసిన ప్రతిని ఆయన కుటుంబానికి తప్పక ఇవ్వండి.

సమర్పకురాలు: తరువాతి శ్రోత విజయవాడ పటమట నుంచి.

శ్రోత: నమస్కారం సార్. మడుల నుంచి నేరుగా రాళ్ల ఉప్పు తెచ్చి, సంప్రదాయ ఉప్పు పేరుతో నగరంలో అమ్మి, ఆ పనివారికి ఆసరాగా ఉండాలనుకుంటున్నాం.

ఆచార్యులు: ఆలోచన మంచిదే. కానీ అయొడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మడంపై 2006 మే నుంచి దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. వినియోగదారునికి చేరేసరికి పది లక్షల భాగాల్లో కనీసం 15 భాగాల అయొడిన్ ఉండాలి. రాళ్ల ఉప్పుకు కూడా అయొడిన్ కలపవచ్చు కాబట్టి, ఆ ఏర్పాటు చేసుకున్నాకే అమ్మకం మొదలుపెట్టండి.

సమర్పకురాలు: మరొక ఫోన్ గుంటూరు నుంచే.

శ్రోత: నమస్తే సార్. నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. ఒంగోలు దగ్గరి దేవరంపాడులో 1930లో జరిగిన ఉప్పు సత్యాగ్రహం మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. పత్రాలు ఎక్కడ వెతకాలి?

ఆచార్యులు: బాబూ, ముందు జిల్లాల సరిహద్దులు సరిచూసుకో. ఇప్పటి గుంటూరు జిల్లా పేరుతో వెతికితే సగం పత్రాలు నీ కంటపడవు. 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడేవరకు బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలోనూ, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనూ ఉండేవి. 1970లో ఒంగోలు ప్రాంతం విడిపోయింది, 2022లో బాపట్ల జిల్లా వచ్చింది. అప్పట్లో మన తీరం కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచే ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం ఉండేది కనుక, రెవెన్యూ బోర్డు ఉప్పు శాఖ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు.

అయితే అంశాన్ని కాస్త మార్చుకోమని నా సలహా. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు, కొండా వెంకటప్పయ్యగారు వంటి నాయకులు చేసిన త్యాగం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. 1931 మార్చి 5న గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరి, ఉప్పు దొరికే చోట గ్రామస్థులు తమ అవసరానికి ఉప్పు తయారుచేసుకోవచ్చునని ఒప్పుకున్నాక, మన తీర గ్రామాల్లో అది నిజంగా అమలైందా, ఉప్పు శాఖ సిబ్బంది ఎలా ప్రవర్తించారన్నది అంతగా పట్టించుకోని విషయం.

శ్రోత: అది తీర గ్రామాల సంగతి కదా సార్. లోపలి ఊళ్లకు ఉప్పు ఎలా వెళ్లేదో కూడా అందులో చేర్చవచ్చా?

ఆచార్యులు: తప్పకుండా చేర్చు. నాకు ఎంతో ముఖ్యమనిపించే విషయం అదే. తీరం నుంచి ఎరుకలవారు గాడిదల మీద, ఎద్దుల మీద, లంబాడీలు ఎద్దుల బిడారులతో మెట్ట ప్రాంతాలకు ఉప్పు మోసుకెళ్లి, ధాన్యానికి మార్చుకునేవారు. ప్రభుత్వ ఉప్పు విధానం, ఆ తరువాత రైళ్లు వారి జీవనాధారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన ఎరుకలవారి మీద నేరస్థ జాతి అన్న ముద్ర వేసి, వారిలో కొందరిని బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో, అంటే నిఘా ఉండే కాలనీలో, ఉంచారు. ఉప్పు చరిత్ర రాస్తూ వారిని వదిలేయడం అన్యాయం. అక్కడి పెద్దలను కలిసేటప్పుడు, మాట నేరాల దగ్గర మొదలుపెట్టకు. తాతలు ఏ దారిన, ఏ సంతలకు ఉప్పు తీసుకువెళ్లేవారని అడుగు. వారు చెప్పిన ఊళ్లను పాత తాలూకా పటం మీద గుర్తుపెట్టుకుని, ఆ తరువాత ఎగ్మూరుకు వెళ్తే ఏ దస్త్రం అడగాలో నీకు స్పష్టంగా తెలుస్తుంది.