బోస్టన్ బెంచీ మీద కూర్చున్న మనిషి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట మీకు ఒక పరుగు గురించి చెప్తాను. స్కోరుబోర్డు మీద పడే పరుగు కాదు, కాళ్లతో తీసే పరుగు. దూరం 90 అడుగులు, పట్టిన టైము నాలుగు సెకన్లు కూడా లేదు. ఆ పరుగు తీసినవాడు ఆ రోజు బ్యాట్ పట్టుకోలేదు, క్యాచ్ పట్టలేదు, ఆట చివరికొచ్చేదాకా అసలు మైదానంలోకే రాలేదు. అయినా 20 ఏళ్లు దాటాక కూడా బోస్టన్‌లో అతని పేరు చెబితే ముఖాలు వెలిగిపోతాయి.

ఆట పేరు బేస్‌బాల్. ఆగండాగండి, రేడియో కట్టేయకండి. మా ఆవిడ కూడా ఈ కాగితాలు చూసి "ఇది ఎవరు వింటారండీ" అంది, చివరిదాకా విని "పాపం ఇంకొకతను ఏమయ్యాడు" అని అడిగింది. ఆ ఇంకొకతని గురించి కూడా చెప్తాను.

ఆటంతా వివరించను, టైము లేదు. ఈ కథకు కావాల్సింది మూడు ముక్కలు. ఒకటి, మైదానంలో నాలుగు బేస్‌లుంటాయి, మనిషి మూడూ చుట్టి నాలుగోదానికి, అంటే మొదలుపెట్టిన చోటికే, వస్తే ఒక పరుగు. రెండు, బౌలర్ లాంటివాణ్ని అక్కడ పిచర్ అంటారు, కీపర్ లాంటివాణ్ని క్యాచర్ అంటారు. పిచర్ బంతి విసిరే లోపల, బ్యాటర్ కొట్టినా కొట్టకపోయినా, బేస్ మీద ఉన్నవాడు తర్వాతి బేస్‌కి ఉరకొచ్చు. దీన్ని స్టీల్ అంటారు, అచ్చంగా మన భాషలో బేస్ కొట్టేయడం. మూడు, ఇది ముఖ్యం, బాగా వినండి: ఒకసారి మైదానం వదిలి బయటికొస్తే ఆ మనిషికి ఆ రోజు ఆట అయిపోయినట్టే. మళ్లీ రాకూడదు. మన క్రికెట్‌లో కాలు పట్టేసిన బ్యాట్స్‌మన్‌కి బై రన్నర్‌ని ఇచ్చేవాళ్లు గుర్తుందా, 2011లో అంతర్జాతీయ మ్యాచుల్లోంచి తీసేశారు, అలాంటి వెసులుబాటు కాదిది. నీ బదులు ఇంకొకడు పరిగెత్తాడంటే నువ్వు స్నానం చేసి కూర్చోవడమే.

ఇప్పుడు జట్టు లెక్క. 2004లో ఒక్కో జట్టుకు 25 మంది. ఇప్పుడు 26 చేశారు. ఆ 25లో ఓ 12 మంది పిచర్లే పోతారు, ఎందుకంటే రోజూ ఆట, భుజాలు నిలవవు. మిగిలింది 13. అందులో తొమ్మండుగురు రోజూ ఆడేవాళ్లు. ఇక మిగిలింది నలుగురు. ఆ నలుగురే బెంచీ. ఒకడు రెండో క్యాచర్, వాడు లేకపోతే అసలు క్యాచర్‌కి దెబ్బ తగిలిన రోజు జట్టు గతి అధోగతి. ఒకడు దగ్గర్లో ఫీల్డింగ్ చేసేవాడు. ఒకడు దూరంగా, అంటే ఔట్‌ఫీల్డ్‌లో, ఎవరికి జ్వరమొచ్చినా నిలబడేవాడు. ఇంకొకడు అదీ ఇదీ. ఈ నలుగురిలో ఒక్కడు కొత్తగా రావాలన్నా ఉన్నవాళ్లలో ఒక్కడు బయటికి పోవాలి. నలుగురు పట్టే ఆటోలో ఐదోవాణ్ని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టినట్టు సర్దుకోవడం కుదరదు.

2004 జులై 31. ఆటగాళ్లను మార్చుకోవడానికి అసలు గడువు ఆ రోజే. మన పెళ్లిళ్లలో కుండమార్పిడి అనేవాళ్లు చూడండి, మా పిల్లను మీకిస్తాం మీ పిల్లను మాకివ్వండి అని, ఈ ట్రేడ్ అనేది దాదాపు అదే, కాకపోతే పిల్లనీ పిల్లాణ్నీ ఎవరూ అడగరు. ఫోన్ వస్తుంది, సాయంత్రానికి పెట్టె సర్దుకోవాలి. బోస్టన్ రెడ్‌సాక్స్ జట్టు ఆ రోజు పెద్ద పనే చేసింది. నోమార్ గార్సియాపారా అని ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకున్న ఆటగాడు, అతన్ని షికాగో కబ్స్‌కి పంపేసింది. నాలుగు జట్లు కలిసి చేసుకున్న మార్పిడి అది, బదులుగా ఓర్లాండో కాబ్రెరా, డగ్ మెంట్‌కేవిచ్ అని ఇద్దరొచ్చారు. ఈ పని చేసిన జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్‌కి అప్పటికి 30 ఏళ్లు. ఊళ్లో ఎంత గోల జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ గోలలో ఇంకో చిన్న ట్రేడ్ ఎవరికీ పెద్దగా పట్టలేదు. లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ నుంచి డేవ్ రాబర్ట్స్ అనే 32 ఏళ్ల ఔట్‌ఫీల్డర్‌ని తీసుకున్నారు. బదులిచ్చింది హెన్రీ స్టాన్లీ అనే ఒక కుర్రాణ్ని, కింది లీగుల్లో ఆడుతున్నవాణ్ని.

రాబర్ట్స్ ఎందుకు? అప్పటికే మానీ రామిరెజ్ ఉన్నాడు, జానీ డేమన్ ఉన్నాడు. ట్రాట్ నిక్సన్‌కి గాయం, అది నిజమే, ఓ చెయ్యి అదనంగా ఉంటే మంచిదే. కానీ రాబర్ట్స్ బ్యాటింగ్ గొప్పదేం కాదు, సిక్సర్ల బాపతు అసలే కాదు, విసురు కూడా మామూలే. ఉన్నదల్లా కాళ్లు. ఆ సీజన్లో డాడ్జర్స్ తరఫున 33 సార్లు బేస్ కొట్టేశాడు, దొరికిపోయింది ఒకే ఒక్కసారి. మళ్లీ చెప్తాను, 33 సార్లు తప్పించుకుని ఒక్కసారి దొరికాడు. దొంగతనంలో ఈ లెక్క ఉన్నవాడికి ఎక్కడైనా ఉద్యోగం ఇవ్వాల్సిందే.

బోస్టన్ వచ్చాక ఏం చేశాడంటే, చెప్పుకోదగ్గదేం లేదు. 45 మ్యాచుల్లో కనిపించాడు, ఐదు బేస్‌లు కొట్టేశాడు, రెండుసార్లు దొరికాడు. ఆగస్టులో ఎవరైనా నన్నడిగి ఉంటే దండగ ట్రేడ్ అనేవాణ్నే.

సరే, అక్టోబరుకి వద్దాం. ఫైనల్‌కి ముందరి సిరీస్, ఎదురుగా న్యూయార్క్ యాంకీస్. ఈ రెండు ఊళ్లకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఏడు మ్యాచుల సిరీస్, ముందు నాలుగు ఎవరు గెలిస్తే వాళ్లు. బోస్టన్ మొదటిది ఓడింది, రెండోది ఓడింది, మూడోది 19-8తో ఓడింది, అదీ సొంతూళ్లో. మూడు ఓడి మళ్లీ లేచి సిరీస్ గెలిచిన జట్టు అప్పటిదాకా బేస్‌బాల్ చరిత్రలోనే లేదు. పైగా బోస్టన్ చివరిసారి కప్పు గెలిచింది 1918లో. తాతల నాటి మాట.

నాలుగో మ్యాచ్, అక్టోబర్ 17, ఆదివారం రాత్రి, ఫెన్‌వే పార్క్. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి యాంకీస్ 4-3తో ముందున్నారు. బంతి మరియానో రివేరా చేతిలో ఉంది. రివేరా అంటే ఆట చివర్లో వచ్చి తలుపులు మూసేసే మనిషి, ఆ పనిలో అంతకన్నా గొప్పవాడు ఇప్పటికీ లేడు. బోస్టన్‌కి మూడంటే మూడే ఔట్లు మిగిలాయి. మొదటి బ్యాటర్ కెవిన్ మిల్లార్, అతనికి నాలుగు బంతులు అవతలికి పడ్డాయి, దాంతో ఊరికే దొరికిన ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ వెళ్లాడు. మిల్లార్ మంచి బ్యాటరే, కానీ నెమ్మది.

మేనేజర్, అంటే ఆట రోజు బెంచీ దగ్గర ఉండి జట్టును నడిపే కోచ్ లాంటివాడు, టెర్రీ ఫ్రాంకోనా రాబర్ట్స్ వైపు చూసి కన్నుగీటాడు. అంతే. మాటల్లేవు. ఇద్దరికీ తెలుసు పనేంటో. మిల్లార్ బయటికి, రాబర్ట్స్ లోపలికి.

ఇక్కడ మనిషి పరిస్థితి ఆలోచించండి. రోజుల తరబడి బెంచీ మీదే ఉన్నాడు. అక్టోబరు చలి, అర్ధరాత్రి, కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కాసేపటి ముందు నుంచే లోపల సందులో అటూ ఇటూ పరుగెత్తి వేడెక్కించుకున్నాడట, పిచర్ల వీడియోలు చూసుకున్నాడట. డాడ్జర్స్‌లో ఉన్నప్పుడు మోరీ విల్స్ అనే పెద్దాయన, 1962లో 104 బేస్‌లు కొట్టేసిన ఘనుడు, ఇతనికి ఒక మాట చెప్పి ఉంచాడు. ఒక రోజు వస్తుంది, నువ్వు ఉరుకుతావని స్టేడియంలో ప్రతివాడికీ తెలిసే ఉంటుంది, ఆ రోజు మాత్రం భయపడకు అని. ఇదే ఆ రోజని మైదానంలోకి వస్తూ అనుకున్నానని రాబర్ట్స్ తర్వాత చెప్పుకున్నాడు.

రివేరాకి తెలుసు. క్యాచర్ పొసాడాకి తెలుసు. జనానికి తెలుసు. రాబర్ట్స్ బేస్ వదిలి నాలుగంగలు పక్కకు జరిగాడు. రివేరా బ్యాటర్ వైపు కాకుండా ఫస్ట్ బేస్‌కి విసిరాడు, రాబర్ట్స్ వెనక్కి వచ్చి బేస్ అందుకున్నాడు. ఇక్కడో మాట. మన అశ్విన్ 2019 ఐపీఎల్‌లో క్రీజు వదిలిన బట్లర్‌ని ఔట్ చేస్తే ఎంత రచ్చ! ఇక్కడ అది రోజువారీ పని, ఎవరూ నీతులు చెప్పరు. మళ్లీ జరిగాడు, రివేరా మళ్లీ విసిరాడు. మళ్లీ జరిగాడు, మూడోసారీ విసిరాడు, ఈసారి వెంట్రుకవాసి. చూసేవాళ్లకి గుండె ఆగిపోయింది కానీ రాబర్ట్స్‌కి ఆ మూడు విసుర్లే మేలు చేశాయట, టెన్షన్ వదిలింది, కాళ్లలోకి ఆట వచ్చింది. నాకైతే ఈ కథంతటిలో ఇదే ఇష్టమైన ముక్క. పట్టుకుందామని చేసిన పనే వాడికి వార్మప్ అయింది. ఇంకో సంగతి, 2023లో రూల్ మార్చారు, ఇప్పుడు మూడోసారి విసిరి ఔట్ చేయలేకపోతే రన్నర్‌కి తర్వాతి బేస్ ఊరికే ఇచ్చేస్తారు. ఈనాటి రూలైతే రాబర్ట్స్ ఉరకక్కర్లేదు, నడుచుకుంటూ పోవచ్చు!

నాలుగోసారి రివేరా బ్యాటర్‌కి వేశాడు. వేసీ వేయంగానే రాబర్ట్స్ పోయాడు. పొసాడా బంతి అందుకుని లేచి విసిరాడు, మంచి విసురు, డెరెక్ జీటర్ అందుకుని కిందికి చెయ్యి తెచ్చాడు, అప్పటికి రాబర్ట్స్ దూకి చెయ్యి బేస్ మీద పెట్టేశాడు. సేఫ్. వాచీలో ముల్లు కదిలినంత తేడా.

తర్వాత బిల్ మ్యూలర్ కొట్టిన బంతి రివేరా పక్కనుంచి మధ్యలోకి పోయింది, రాబర్ట్స్ రెండో బేస్ నుంచి ఇంటికొచ్చేశాడు. 4-4. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్ కొట్టి 6-4తో ముగించాడు. అక్కడ రాత్రి 1:22. మనకి అది అక్టోబర్ 18, సోమవారం, పొద్దున 11 కావస్తోంది. ఆ టైముకి మనం ఏం చేస్తున్నామో తెలుసా? చెన్నై టెస్టు ఐదో రోజు. ఆస్ట్రేలియా మీద 229 కొట్టాలి, 19కి వికెట్ పోలేదు, కుంబ్లే మ్యాచ్‌లో 13 వికెట్లు తీశాడు, ఇక గెలుపే అనుకుంటే వాన. ఒక్క బంతి పడలేదు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ టీవీ ముందు కవర్లు చూస్తూ కూర్చున్నాను. ప్రపంచానికి అవతల ఇంత జరుగుతోందని నాకేం తెలుసు!

ఐదో మ్యాచ్‌లో కూడా ఇదే తంతు. ఎనిమిదో ఇన్నింగ్స్, మళ్లీ మిల్లార్‌కే నడక, మళ్లీ అతని బదులు రాబర్ట్స్, మళ్లీ స్కోరు సమం చేసిన పరుగు అతనిదే. బోస్టన్ అలా మిగిలిన నాలుగు మ్యాచులూ వరసగా గెలిచింది, ఫైనల్లో సెయింట్ లూయిస్‌ని 4-0తో ఊడ్చేసింది. 86 ఏళ్ల తర్వాత కప్పు. ఆ ఫైనల్లో రాబర్ట్స్‌ని ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. డిసెంబర్‌లో శాన్ డియేగోకి ట్రేడ్ చేసేశారు. అవసరం తీరింది, మార్పిడి అయిపోయింది.

అందుకే నా మట్టుకు నాకు, బెంచీ ఆటగాణ్ని సగటు చూసి కొంటే లాభం లేదనిపిస్తుంది. ఏ ఇన్నింగ్స్‌లో ఏ పనికి వీణ్ని దింపుతాం అన్న ప్రశ్నకి జవాబుండాలి. అన్నీ కాస్త కాస్త వచ్చినవాడి కంటే ఒక్కటి బాగా వచ్చినవాడు మేలు. దీనికి ఒప్పుకోనివాళ్లున్నారు, గాయాలు ఎక్కువైతే అన్నీ వచ్చినవాడే కాపాడతాడంటారు, అదీ కొట్టిపారేసే మాట కాదు. ఆ రోజు మిల్లార్ బయటికి పోయాక ఫస్ట్ బేస్‌లో నిలబడింది ఎవరనుకున్నారు? జులై 31నే వచ్చిన మెంట్‌కేవిచ్. అతను బెంచీ మీద లేకపోతే మిల్లార్‌ని తీయడానికి ఫ్రాంకోనాకి చెయ్యాడేదా? అంటే కన్నుగీటడం వెనకాల రెండు ట్రేడులున్నాయి.

రాబర్ట్స్ ఇప్పుడు డాడ్జర్స్‌కే మేనేజర్. 2020, 2024, 2025, మూడు కప్పులు. ఎవర్ని ఎప్పుడు దింపాలో తేల్చేది ఇప్పుడు ఆయనే. ఇక మా ఆవిడ అడిగిన ఆ ఇంకొకతను, హెన్రీ స్టాన్లీ. పై లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మీ పిల్లలు అమెరికాలో ఉండి ఎప్పుడైనా మ్యాచ్‌కి తీసుకెళ్తే ఒక్క పని చేయండి. ఏడో ఇన్నింగ్స్ నుంచి బంతిని వదిలేసి బెంచీ వైపు చూడండి. ఎవడు స్వెటర్ విప్పుతున్నాడు, ఎవడు కాళ్లు చాపి వంగుతున్నాడు. అక్కడ మేనేజర్ మనసులో ఉన్నది ముందే తెలిసిపోతుంది. మా మేనల్లుడు బోస్టన్‌లో ఉంటాడు, నన్ను ఫెన్‌వే పార్క్‌కి తీసుకెళ్లాడు. 1912 నాటి స్టేడియం, నా సీటు సరిగ్గా ఇనప స్తంభం వెనకాల. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక కుర్రాడు బెంచీ మీంచి లేచాడు, మెట్ల దగ్గర మోకాళ్లు పైకెత్తి పదిసార్లు గెంతాడు, మేనేజర్ వైపు చూశాడు, మళ్లీ గెంతాడు. నేను స్తంభం పక్కనుంచి మెడ చాపి వాణ్నే చూస్తున్నాను. స్టేడియమంతా ఒక్కసారి లేచి అరిచింది, మా వాడు నా భుజం పట్టి ఊపి "మావయ్యా, బంతి అటు పోయింది, అటు చూడు" అంటున్నాడు. ఆ కుర్రాడు మాత్రం ఇంకో రెండుసార్లు గెంతి, స్వెటర్ తొడుక్కుని కూర్చున్నాడు.