గేటు బయట ఉన్నవాళ్లకు జవాబు ఎవరు చెప్పాలి?

(జాతీయ పౌర సంబంధాల దినోత్సవం సందర్భంగా జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, శాఖాధిపతి గారికి, అధ్యాపకులకు నమస్కారం. పరీక్షలు నెత్తి మీదున్నా ఇంత ఎండలో వచ్చి కూర్చున్న విద్యార్థులందరికీ మరీ మరీ నమస్కారం. ఉన్న సమయం తక్కువ, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఏప్రిల్ 21నే ఈ దినోత్సవం ఎందుకు జరుపుతున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1968లో సరిగ్గా ఇదే రోజున ఢిల్లీలో మొదటి అఖిల భారత పౌర సంబంధాల సదస్సు జరిగింది. మన వృత్తికి ఒక నీతి నియమావళి ఉండాలని ఆ సదస్సు తీర్మానించి, దాన్ని ఆమోదించింది. 1986 నుంచి మన వృత్తివాళ్ల జాతీయ సంఘం పీఆర్‌ఎస్‌ఐ (పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) ఈ రోజును దేశమంతా జరుపుతోంది. అంటే ఇది శాలువాలు కప్పుకునే రోజు కాదు, ఆ నియమావళి పుట్టినరోజు. నేను దీన్ని అలాగే చూస్తాను. మీరూ అలాగే చూడాలని కోరుకుంటున్నాను.

మీలో చాలామంది వచ్చే నెలలో ఇంటర్న్‌షిప్‌లకు వెళ్తున్నారట. పీఆర్ ఏజెన్సీలో, అంటే కంపెనీల తరఫున పౌర సంబంధాలు చూసే సంస్థలో, ఇంటర్న్‌గా నేను నేర్చుకున్నవి చెప్పమన్నారు. ఐదు అంశాలు రాసుకొచ్చాను. ఎన్నింటి దాకా వెళ్తానో చూద్దాం.

మొదటిది క్లిప్పింగులు. వెళ్లగానే మీ చేతికి వచ్చే పని అదే. నా రోజుల్లో పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేసరికి పేపర్ల కట్ట, కత్తెర, స్కేలు, గమ్ము సీసా సిద్ధంగా ఉండేవి. మన క్లయింటు వార్త ఎక్కడొచ్చిందో వెతికి, కత్తిరించి, తెల్ల కాగితం మీద అంటించి, పైన పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాయాలి. ఇప్పుడు స్క్రీన్‌షాట్లు వచ్చాయి, పని మాత్రం అదే. దీన్ని చిన్నచూపు చూడకండి. తెలుగు పత్రికలు ఎలా నడుస్తాయో నాకు తెలిసింది అక్కడే. హైదరాబాద్ పేజీలో సింగిల్ కాలమ్ కూడా దక్కని వార్త సిరిసిల్లలో బ్యానర్ అవుతుంది. నేతన్నల సంగతి సిరిసిల్లకు కావాలి, జూబ్లీహిల్స్‌కు అక్కర్లేదు. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు సరిగ్గా రాసి పంపితే డెస్క్‌లో సబ్ ఎడిటర్‌కు సగం భారం తగ్గుతుంది. చీకటి పడ్డాక పంపిన ప్రెస్ నోట్ జిల్లా పేజీలో పడటం కష్టం. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అలాంటి మనిషికి మీరు ఫోన్ చేసి ‘మా వార్త వేశారా, వేశారా’ అని వేధించకండి. దయచేసి.

ఈ క్లిప్పింగుల దగ్గరే నాకు నచ్చనిది ఒకటి ఉంది. వార్త వెడల్పు, పొడవు స్కేలుతో కొలిపించేవారు. 8 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు, మొత్తం 96 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఆ పత్రిక ప్రకటన రేటుతో హెచ్చవేసి, ‘ఇంత విలువైన ప్రచారం తెచ్చాం’ అని క్లయింటుకు రిపోర్టు ఇవ్వాలి. వార్త మంచిదా చెడ్డదా, చదివినవాడు నమ్మాడా లేదా అన్నది ఆ స్కేలుకు అక్కర్లేదు. పౌర సంబంధాల విలువను ప్రకటన రేటుతో కొలవడం సరికాదని 2010లో బార్సిలోనా సూత్రాలు, అంటే ప్రచార ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, స్పష్టంగా చెప్పాయి. ఇన్నేళ్లయినా ఆ లెక్కలు అడిగే క్లయింట్లు, కట్టి ఇచ్చే ఏజెన్సీలు ఇంకా ఉన్నాయి.

రెండో అంశం సోషల్ మీడియా. దాన్ని పక్కన పెడుతున్నాను. నేను అసలు చెప్పాల్సింది వేరే ఉంది.

నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు మా క్లయింట్లలో నగర శివారులో ఒక ఫ్యాక్టరీ ఉండేది. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఒకరోజు అందులో రియాక్టర్ దగ్గర, అంటే రసాయనాలు కలిపే ట్యాంకు దగ్గర, మంటలు లేచాయి. మధ్యాహ్నం మా ఏజెన్సీ నుంచి ప్రెస్ నోట్ వెళ్లింది. ‘పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. కార్మికుల భద్రతకే మా ప్రథమ ప్రాధాన్యం.’ ఇంతే. ఎంతమంది లోపల ఉన్నారో లేదు, ఎవరిని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారో లేదు. అడుగున ‘మరిన్ని వివరాలకు’ అని ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు నాది. ఇంటర్న్ నంబరు ఎందుకు వేశారో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ నోట్ విలేకరుల దగ్గర ఆగలేదు, వాట్సాప్‌లో ఊళ్లు దాటిపోయింది. సాయంత్రానికి నాకు ఫోన్లు మొదలయ్యాయి. విలేకరులవి కొన్నే. ఎక్కువ ఇళ్ల నుంచి. శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ చేసింది. ‘అమ్మా, మా ఆయన ఆ కంపెనీలోనే చేస్తాడు. మధ్యాహ్నం నుంచీ ఫోను మోగుతోంది గానీ ఎత్తట్లేదమ్మా. ఉన్నాడో లేడో ఒక్క మాట చెప్పు తల్లీ’ అంది. వెనకాల చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

నేను వెళ్లి మా ఏజెన్సీలో ఆ క్లయింటు పని చూసే అకౌంట్ మేనేజర్‌ని అడిగాను. ‘ఏమీ చెప్పొద్దు, లీగల్ వాళ్లు చూస్తున్నారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టెయ్’ అన్నారు. ఫైల్లో ఫ్యాక్టరీ హెచ్ఆర్ నంబరు ఉంది. ల్యాండ్‌లైన్ నుంచి నేనే చేశాను. అవతల ఒక పెద్దాయన ఎత్తాడు. ‘అమ్మా, ఎవరి గురించో పేరు చెప్పండి’ అన్నాడు. చెప్పాను. కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. ‘ఆ మనిషి క్షేమం. అసెంబ్లీ పాయింట్ దగ్గర, ప్రమాదమప్పుడు అందరూ చేరే చోట, కూర్చోబెట్టాం. సెల్ ఫోన్లు ప్లాంటులోకి రానివ్వం కదమ్మా, లాకర్లో ఉంటుంది’ అన్నాడు.

ఆలోచించండి. హాజరు జాబితా మధ్యాహ్నం నుంచీ ఆ బల్ల మీదే ఉంది. ఎవరు క్షేమం, ఎవరు ఏ ఆస్పత్రిలో ఉన్నారు, పేరు పేరునా రాసి ఉంది. ఫోన్లు లాకర్లలో ఉన్నాయి కాబట్టే ఎత్తట్లేదన్న చిన్న సంగతి కూడా ఎవరూ బయటికి చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం ప్రెస్ నోట్‌లో ఉంటే ఎన్ని ఇళ్లలో గుండె నెమ్మదించేది! నేను ఆవిడకు తిరిగి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ మాట్లాడలేకపోయింది. ఆ రాత్రి అడిగిన ప్రతి పేరూ నేను ఆ పెద్దాయన్ని అడిగి చెప్పాను. కొన్ని పేర్లకు ఆస్పత్రి పేరు చెప్పాల్సి వచ్చింది. మర్నాడు నాకు చీవాట్లు పడ్డాయి. పేపర్లలో ‘యాజమాన్యం స్పందించలేదు’ అని వచ్చింది. అది అక్షరాలా నిజం.

కంపెనీ పరువు కాపాడాలని ఆ రోజు నోరు మూయించారు. పరువు దక్కిందా?

ఇది ఒక్క కంపెనీ కథ అయితే ఇంతసేపు చెప్పేదాన్ని కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్.వెంకటాపురం గుర్తుందా? ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్న జనం లేచి, ఎటు వెళ్లాలో తెలియక చీకట్లో పరుగులు తీశారు, దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తన నివేదికలో తప్పుపట్టింది. సైరన్ అంటే ఏమిటి? చుట్టుపక్కల వాళ్లకు ఫ్యాక్టరీ చెప్పాల్సిన మొదటి వార్త. అది చెప్పనప్పుడు తర్వాత ఎంత చక్కటి భాషలో ప్రకటన రాసినా దాన్ని పౌర సంబంధాలని నేను ఒప్పుకోను. అందులో పౌరుడేడీ?

మన వృత్తికి ఆద్యుల్లో ఒకడైన అమెరికన్ ఐవీ లీ గురించి మీరు సిలబస్‌లో చదివే ఉంటారు. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే దాచిపెట్టడమే అప్పటి రైల్వే కంపెనీల అలవాటు. లీ రైల్వే చేత ప్రకటన ఇప్పించాడు, విలేకరులను ప్రమాద స్థలానికి రమ్మన్నాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొదటి ప్రెస్ నోట్ అని చాలామంది దాన్నే చెప్తారు. అంటే మన వృత్తిలో మొదటి కాగితం సన్మాన సభ గురించి కాదు, చావుల గురించి రాసింది. అదే లీ 1914లో కొలరాడో బొగ్గు గనుల సమ్మెలో గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున కార్మిక నాయకుల జీతాలను పెంచి చూపిన తప్పుడు లెక్కలు పంచిపెట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఆయన పేరు పక్కనే ఉంది. పాఠం చెప్పేటప్పుడు రెండూ చెప్పండని అధ్యాపకులను కోరుతున్నాను.

టైమ్ అయిపోతోందని చీటీ వచ్చింది. ఇంకో రెండు మాటలు.

ఏజెన్సీల వాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు, వాళ్లతో ఒక మాట. ఇంటర్న్‌కు స్టైపెండ్ ఇవ్వండి. బస్ పాస్, మెస్ బిల్లు సొంత డబ్బుతో కట్టుకోగలిగిన పిల్లలే మన వృత్తిలోకి వస్తే, గేటు బయట నిలబడిన వాళ్ల గొంతు గుర్తుపట్టేవాళ్లు మన ఆఫీసుల్లో మిగలరు. శ్రీకాకుళం ఫోన్ ఎత్తాల్సింది ఆ వైపు నుంచి వచ్చిన అమ్మాయి కావచ్చు. ఆమెను ఖర్చులకు జడిసి వెనక్కి పోనివ్వకండి. ఇంకొకటి, కష్టం వచ్చిన రోజు ప్రెస్ నోట్ కింద ఇంటర్న్ నంబరు వేయకండి. నిర్ణయం చేయగల మనిషి నంబరు వేయండి.

శాఖాధిపతి గారూ, మీకొక విన్నపం. ఇంటర్న్‌షిప్ రిపోర్టులో విద్యార్థుల చేత క్లిప్పింగులు అతికిస్తున్నారు. అవి ఉండనివ్వండి. దానికి ఒక పేజీ కలపండి. ఆ నెలన్నరలో జనం నుంచి గానీ, విలేకరుల నుంచి గానీ వచ్చిన ప్రశ్నల్లో ఒకటి రాయాలి. ఎప్పుడు వచ్చింది, జవాబు ఎవరి దగ్గర ఉంది, బయటికి ఎప్పుడు వెళ్లింది, వెళ్లకపోతే ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు. క్లయింటు పేరు రాయక్కర్లేదు. వైవాలో ముందు ఆ పేజీ తీసి అడగండి. పిల్లలు వెళ్లేది వచ్చే నెలే కాబట్టి ఆ ఫార్మాట్ ఈ వారంలోనే వాళ్ల చేతికి ఇస్తే బాగుంటుంది. రాయడానికి సాయం కావాలంటే సభ అయ్యాక నేను ఇక్కడే కూర్చుంటాను.