గడ్డం కత్తి: నెల రోజుల వాడకం, రెండు గంట్లు

నమస్కారం మిత్రులారా. ముందే చెప్పేస్తాను, ఈ కత్తిని అమ్మే వ్యాపారి నాకు దీన్ని ఉచితంగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని కూడా అడగలేదు. 5/8 అంగుళం వెడల్పు, కార్బన్ ఉక్కు, కొమ్ము రంగు పిడి... ఇవన్నీ మీరు ఎక్కడో చూసే ఉంటారు. నేను నేరుగా వాదర దగ్గరికి వస్తాను.

ఫోను లైటు కింద పెడుతున్నాను, చూడండి. పదునున్న వాదర మీద వెలుగు నిలవదు. ఈ చివర చూశారా, ఏమీ మెరవడం లేదు. ఇప్పుడు మెల్లగా తిప్పుతున్నాను. ఇదిగో, మధ్యలో ఆవాలో నాలుగో వంతంత చుక్క మెరిసింది. మొన దగ్గర ఇంకొకటి. ఇవే గంట్లు. గోరు మీద ఆనించి లాగితే చిన్నగా తట్టుకుంటాయి. చెంప మీద అదే చోట మంట పుడుతుంది.

మొన దగ్గరిది నా తప్పే. నురగ కడుగుతూ కత్తిని కుళాయికి తగిలించాను. తగిలిన చప్పుడు కూడా సరిగా వినిపించలేదు. పలచటి వాదరకు అంత దెబ్బ చాలు. అప్పటి నుంచి కుళాయి కింద పెట్టడం మానేసి, మగ్గులో నీళ్ళు పోసుకుని అందులో ముంచుతున్నాను.

మధ్యలో ఉన్నది మాత్రం నాది కాదు. పిడికీ కత్తికీ మధ్య ఉన్న ఈ మేకును చూడండి. వదులుగా ఉంది. కత్తి మడిచినప్పుడు పిడికున్న రెండు పలకల నడుమకు రావాలి కదా, ఇది ఎడమ పలక మీదికి వాలిపోతోంది. మడిచిన ప్రతిసారీ వాదర ఆ పలకను రాసుకుంటూ లోపలికి వెళ్తోంది. మొదటి వారంలోనే గీత పడింది, మూడో వారానికి గంటు తేలింది. ఉక్కును ఇంత శ్రద్ధగా చేసినవాళ్ళు మేకు దగ్గర ఇంత నిర్లక్ష్యం చేశారంటే నాకు నిజంగా కోపం వస్తోంది. చిన్న సుత్తితో మెల్లగా తట్టి మేకు బిగించవచ్చు. కొంచెం గట్టిగా తగిలితే పలక చీలుతుంది. కొత్త కత్తి కొన్నవాడు ఆ పని ఎందుకు చేయాలి?

నా పాత కత్తి సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు తడి చేతిలోంచి జారి స్నానాల గదిలో షాబాద్ బండ మీద పడింది, మొన విరిగింది. జారిన కత్తిని పట్టుకోబోకండి, పడనివ్వండి. వేళ్ళు తెగితే కుట్లు పడతాయి. విరిగిన ఆ కత్తిని మా వీధికి సైకిలు మీద వచ్చి సాన పట్టే ఆయనకు ఇచ్చాను. నిప్పురవ్వలు లేచాయి, అంచు నీలంగా మారింది. ఉక్కు నీలమైందంటే దానికి సుమారు 300 డిగ్రీల వేడి తగిలినట్టు. అక్కడితో గట్టిదనం పోయింది, ఆ తర్వాత ఎంత నూరినా పదును రెండు రోజులు నిలవలేదు. తప్పు ఆయనది కాదు. ఆ చక్రం కొడవళ్ళకు, కత్తిపీటలకు. గడ్డం కత్తిని చేత్తో, నీళ్ళ రాయి మీద నూరాలి.

గంటు పోవాలంటే ముందు 1000 నంబరు రాయి. కత్తి వెన్ను, వాదర రెండూ రాయికి ఆని ఉండాలి, వెన్ను లేపారో కోణం మారిపోతుంది. గంటు ఎంత లోతుంటే వాదర పొడవునా అంత ఉక్కు అరగాలి. ఆ తర్వాత ఇంకా నున్నటి 4000, 8000 రాళ్ళు. చివరికి తోలు పట్టీ. పట్టీ మీద వెన్ను ముందు నడవాలి, చివరన తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. తొందరపడి వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది, వాదర మడత పడుతుంది. ఈ కత్తితో వచ్చిన పట్టీ మాత్రం బాగుంది.

గడ్డం ఎలా తీస్తుందంటారా? నురగ బాగుంటే చాలా హాయిగా. మా నల్గొండలో బోరు నీళ్ళకు నురగ సరిగా నిలవదు, పలచటి నురగ మీద కత్తి ఎగురుతుంది. నేను ఫిల్టరు నీళ్ళు వాడాను. కత్తిని సుమారు 30 డిగ్రీలు వాల్చి, ఇంకో చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకోండి. ఎటు గీస్తున్నా పరవాలేదు, వాదర పొడవు వెంట పక్కకు మాత్రం జరగనివ్వకండి. రెండో వారంలో దవడ మలుపు దగ్గర ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగింది. నొప్పి తెలియలేదు, నురగ ఎర్రబడ్డాక చూశాను. పటిక అద్దితే ఆగింది. ఈ కత్తి మొన చతురస్రంగా, దాని మూల సూదిగా ఉంది. కొత్తవాళ్ళు చెవి కింద జాగ్రత్త, లేదంటే గుండ్రటి మొన ఉన్నది తీసుకోండి.

దుకాణంలో కొనేవాళ్ళు ఒక్క పని చేయండి. కత్తిని వెలుగుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా మడవండి. వాదర పలకను తాకితే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

వ్యాపారికి కూడా ఇదే రాశాను. మేకు సరిచేసిన కత్తి పంపితే ఇంకో నెల వాడి చెబుతాను. అప్పటిదాకా నా మార్కులు పదికి ఐదు. ఆ ఐదూ ఉక్కుకే.