వహాకా లోయ: మొక్కజొన్నను, సున్నపురాయిని నమ్ముకున్న నేల

[దృశ్యం: ఎండిన కొండలు, వాటి మధ్య చిన్న గుహ]

దక్షిణ మెక్సికోలోని వహాకా లోయలో, మిత్లా అనే ఊరికి దగ్గరలో గిలా నకీట్స్ అనే కొండగుహ ఉంది. అక్కడ దొరికిన మొక్కజొన్న కంకులు సుమారు 6,250 ఏళ్ల నాటివని, గుమ్మడి గింజలు దాదాపు 10,000 ఏళ్ల నాటివని పరీక్షల్లో తేలింది. ఈ ప్రాంతపు గుహలను యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వహాకాకు వచ్చే యాత్రికుడు అన్నిటికంటే ముందు ఈ గుహ గురించే తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడి శిథిలాలకూ భోజనానికీ మూలం మొక్కజొన్న సాగే.

[దృశ్యం: మోంతె అల్బాన్ మైదానం, మెట్ల వేదికలు]

క్రీ.పూ. 500 ప్రాంతంలో జపోటెక్ ప్రజలు లోయకు దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉన్న కొండ శిఖరాన్ని చదును చేసి మోంతె అల్బాన్ నగరాన్ని నిర్మించారు. ఇనుప పనిముట్లు గానీ బరువులు మోసే పశువులు గానీ లేని కాలంలో జరిగిన పని ఇది. పైనుంచి చూస్తే లోయ మూడు పాయలుగా చీలి కనిపిస్తుంది. ఆ పాయల్లో పండిన మొక్కజొన్నే కొండ మీది జనాన్ని పోషించింది. 1932లో పురావస్తు శాస్త్రవేత్త అల్ఫోన్సో కాసో ఇక్కడి ఏడో సమాధిలో వెలికితీసిన, మిష్టెక్ అనే మరో జాతి వారి బంగారు ఆభరణాలు వహాకా నగరంలోని సాంతో దొమింగో మఠపు మ్యూజియంలో ఉన్నాయి. కొండ దిగిన రోజే వాటినీ చూడడం మంచిది.

[దృశ్యం: తెల్లని రాతి జలపాతం]

మిత్లా దాటి కొండల్లోకి వెళితే ఇయెర్వె ఎల్ ఆగ్వా వస్తుంది. ఊటనీటిలో కరిగి ఉన్న సున్నపు ఖనిజం వేల ఏళ్లుగా అంచు మీదుగా జారుతూ పేరుకుపోవడంతో, జలపాతం గడ్డకట్టి నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడే ప్రాచీన జపోటెక్ సాగునీటి కాలువల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. ఈ స్థలం స్థానిక గ్రామస్థుల నిర్వహణలో ఉంటుంది, అప్పుడప్పుడు మూసి ఉంచుతారు కూడా. కాబట్టి ముందుగా విచారించుకుని బయలుదేరాలి.

[దృశ్యం: వంటింట్లో కాగుతున్న కుండ, పక్కన రోలురాయి]

ఇక్కడి వంటకు ఆధారం కూడా సున్నమే. సున్నపురాయిని కాల్చి తీసిన సున్నాన్ని నీళ్లలో కలిపి, అందులో మొక్కజొన్న గింజలను ఉడికించి, రాత్రంతా నాననిస్తారు. తెల్లారేసరికి గింజ పైపొట్టు వదులై, వేళ్లతో రుద్దితే ఊడివస్తుంది. కడిగిన గింజలను మెతాతె అనే రాతి మీద రుబ్బితే, రొట్టె విరిగిపోకుండా ఒత్తుకోవడానికి వీలైన పిండి తయారవుతుంది. మొక్కజొన్నలోని నయాసిన్ విటమిన్ ఒంటికి పట్టేది కూడా ఈ పద్ధతి వల్లనే. ఐరోపా వారు పంటను తీసుకెళ్లి ఈ పద్ధతిని మాత్రం వదిలేయడంతో, మొక్కజొన్నే తిండిగా బతికిన ఉత్తర ఇటలీ పేదల్లో నయాసిన్ లోపంతో వచ్చే పెలాగ్రా వ్యాధి వ్యాపించింది. మన దక్కనులో జొన్న మీదే ఆధారపడిన పేదల్లోనూ ఈ జబ్బు కనిపించింది. హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు దాని మీద ఎంతో పనిచేశారు. అందుకే ఈ కుండ ముందు కొంతసేపు నిలబడడం, ఏ శిథిలాన్ని చూడడానికైనా తీసిపోదు.

[దృశ్యం: త్లాకొలూలా ఆదివారపు సంత]

వహాకా నగరం నుంచి మిత్లాకు వెళ్లే దారిలోనే త్లాకొలూలా ఉంది, ఆదివారం వెళ్లాలి. దారిలో శాంతా మరీయా దెల్ తూలె వద్ద ఆగితే, కాండం అడ్డుకొలత దాదాపు 14 మీటర్లున్న మహావృక్షాన్ని చూడవచ్చు. సంతలో మహిళలు వెడల్పాటి మట్టిపాత్రల్లో మొక్కజొన్న, కకావ్ (చాక్లెట్ చేసే గింజలు), మమే పండు గింజల ముద్దను చన్నీళ్లు పోస్తూ చేత్తో కలుపుతారు. పైకి తేలిన తెల్లని నురగతో సహా ఎండిన కాయ డొప్ప గిన్నెలో పోసి ఇచ్చే ఆ పానీయం తెహాతె. త్లాయుదా అనే పెద్ద రొట్టె మీద చిక్కుడుగింజల ముద్ద, చీజ్ పరుస్తారు, అయితే ముందుగా పంది కొవ్వు పూస్తారు. శాకాహారులు "సిన్ అసియెంతో" అని చెబితే కొవ్వు లేకుండా కాల్చి ఇస్తారు.