అక్క కీబోర్డు ముట్టుకోలే

అందరికీ నమస్కారం.

రేడియోల మాట్లాడుమని నాకు పది నిమిషాలు ఇచ్చిన్రు. నేను ఫిజిక్స్ సారుగ చేసి రిటైరైనోణ్ణి, మాకు పది నిమిషాలంటే హాజరు తీసుకునుడుకే సరిపోతది, అందుకని సుత్తి లేకుండ నేరుగ విషయానికొస్త.

హన్మకొండల మా ఇంటికి దగ్గర్ల ఒక సర్కారు బడి ఉన్నది. ఆ బడి పిలగాండ్లు పోటీల కోసం రోబోలు చేస్తరు. వాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పెతందుకు ఒకామె వస్తది. హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ నౌకరి, ఇల్లు ఇక్కడనే, శుక్రవారం రాత్రి రైలెక్కి కాజీపేటల దిగుతది, శనివారం మధ్యాహ్నం బడికొస్తది. రెండేండ్ల సంది ఇదే పని, ఒక్క పైసా తీసుకోదు. రేడియోల పేరు చెప్పద్దన్నది, చెప్పను. పిలగాండ్లు అక్క అంటరు. నా బిడ్డ కంటె చిన్నదైనా నేను గూడ అక్కనే అంట.

మొన్న ఆమెకు సన్మానం చెయ్యాలని బడోళ్లు అనుకున్నరు. శాలువా, మెమెంటో, బొకే, మూడు ప్రసంగాలు, అందుల ఒకటి నాది. ఏం మాట్లాడాలె అని రాత్రి కాయితం పట్టుకొని కూసుంటే నాకు ఒక్కటే యాదికొచ్చింది. అక్క కీబోర్డు ముట్టుకోలే. ఇదేం పొగడ్త అంటరు గదా, చెప్త.

సన్మానానికి ముందు ఒక శనివారం పిలగాండ్లు లైన్ ఫాలోయర్ నడిపిస్తున్నరు. తెలువనోళ్లకు చెప్పాలంటె, అదొక చిన్న బండి, నేల మీద నల్ల గీత ఉంటే ఆ గీత ఎంబడే పోవాలె, అంతే. మా పిలగాండ్ల ట్రాక్ ఏందంటే ఎవరో లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ. ముందట ఆయన దండం పెట్టుకుంట నవ్వుతుంటడు, తిరగేస్తే తెల్లగ నున్నగ ఉంటది, దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు వంకర టింకరగ అతికిస్తే ట్రాక్ తయార్. లీడర్లు ఇట్ల గూడ పనికొస్తరు.

బండి కింద, ముందటి దిక్కు, సెన్సార్లు ఉంటయి. ఒక్కోదానికి రెండు కండ్లు. ఒక కన్ను ఇన్‌ఫ్రారెడ్ వెలుగును నేల మీదికి కొడ్తది, మన టీవీ రిమోట్ల ఉండేది గదే, కంటికి కనపడదు. రెండో కన్ను అది ఎంత తిరిగొచ్చిందో చూస్తది. తెల్ల నేల అయితే బాగ తిరిగొస్తది, నల్ల టేపు అయితే టేపే మింగుతది. బండి మీదుండే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు దాన్ని 0 నుంచి 1023 దాక ఒక నంబరు చేస్తది. మా పిలగాండ్ల బండిల తెల్లకు చిన్న నంబరు, నల్లకు పెద్ద నంబరు. ప్రోగ్రాంల వాళ్లు ఏం రాసుకున్నరంటే, 500 దాటితే నల్ల గీత, దాటకపోతే తెల్ల నేల.

వారమంత ల్యాబ్ రూంల ట్యూబ్‌లైట్ కింద బండి మస్తు నడిచింది. శనివారం నాడు ఫ్లెక్సీ పూర్తిగ పరుద్దామని వరండాలకు తెచ్చిన్రు. టైం మూడున్నర, పడమటి ఎండ ఏటవాలుగ లోపలికి పడ్తున్నది. బండి ఇడిచిన్రు. గీత లేదు పాడు లేదు, సక్కగ పోయి స్తంభానికి గుద్దింది. మళ్ల ఇడిచిన్రు. మళ్ల స్తంభమే.

నేను ఊకుంటనా, ఇన్నేండ్లు పాఠం చెప్పిన నోరాయె. బ్యాటరీ డౌనైందన్న. మార్చిన్రు, ఇడిచిన్రు, స్తంభం. సెన్సార్లు ఖరాబైనయన్న. ఒక పిలగాడు సైకిలేసుకొని పోయి నా పైసలతోని కొత్తయి తెచ్చిండు, బిగించిన్రు, ఇడిచిన్రు, స్తంభం. ఎండల ఇన్‌ఫ్రారెడ్ ఎంతుంటదో బోర్డు మీద ఎన్నిసార్లు రాసిన్నో నాకే లెక్కలేదు, కని ఆ రోజు కాళ్ల మీద పడ్తున్న ఎండ నాకు కనపడలే.

అక్క గోడకు ఆనుకొని కింద కూసున్నది. చున్నీ కొంగు రెండు చేతులకు చుట్టుకున్నది. అదేం అలవాటమ్మా అని తరవాత అడిగిన, చేతులు ఖాళీగుంటె కీబోర్డు మీదికి పోతయి సార్ అన్నది. ల్యాప్‌టాప్ ముందట ఎనిమిదో తరగతి పిల్ల, ఏడుపు మొకంతోని. అక్క ఒక్క మాట అడిగింది.

"దానికి ఏం కనపడ్తుందో దాన్నే అడిగినవా?"

"బండిని ఎట్ల అడుగుతం అక్కా?"

"పోయిన వారం లైటు వెలగనప్పుడు ఎట్ల అడిగినవ్?"

పిల్ల జరసేపు చూసింది. సీరియల్ మానిటర్ అని ఒకటుంటది, బోర్డు లోపల నడిచే లెక్కను ల్యాప్‌టాప్ మీద చూపిస్తది. సెన్సార్ నంబరు బయటికి చెప్పు అని ప్రోగ్రాంల ఇంకో లైను రాసింది. స్క్రీన్ మీద అన్నీ పిచ్చి గీతలు వచ్చినయి. ఇగ బోర్డు గూడ పోయింది అనుకున్న నేను. పిల్ల గాబరా పడలే, "స్పీడు కలుస్తలేదు" అని మూలకున్న అంకెను 9600కు మార్చింది, ప్రోగ్రాంల గదే ఉన్నది, చెప్పేది వినేది ఒకే స్పీడుల ఉండాలె గదా. నంబర్లు వచ్చినయి.

బండిని చేతుల పట్టుకొని టేపు మీద పెట్టింది, 310. తెల్ల మీద పెట్టింది, 40. మళ్ల టేపు, 305. రూంల టేపు మీద 700 వచ్చేది, నోట్‌బుక్కుల రాసుకున్నరు.

"అక్కా, దానికి నల్లది కనపడ్తనే లేదు!"

వరండాల ఏడ పెట్టినా 500 దాటుతలేదు, అంటే బండి లెక్కల నేలంత తెల్లదే. పాపం అది ఏం తప్పు చెయ్యలే, చెప్పినట్టే విన్నది, చెప్పినట్టే స్తంభం దాక పోయింది.

ఎందుకు దాటుతలేదో అక్క గూడ చెప్పలే. కూసున్నకాడనే కొద్దిగ జరిగింది, ఆమె నీడ బండి మీద పడ్డది. నంబరు 310 నుంచి 600కు ఎగిరింది. వెనకనున్న పిలగాడు "ఎండ! ఎండ!" అని ఒర్రిండు. ఎండల గూడ ఇన్‌ఫ్రారెడ్ ఉంటది, అదంత సెన్సార్ కంట్ల పడ్తున్నది, టేపు నుంచి వెలుగు తిరిగొచ్చినట్టే అది అనుకుంటున్నది.

ఇగ 500 తీసేసి, 40కి 310కి నడుమ 170 పెడ్దామన్నరు. పెట్టున్రి, మరి పోటీ హాల్ల ఎండ ఎంతుంటదో మీకెరుకేనా అన్నది అక్క. ఎవ్వలకు ఎరుక లేదు. అప్పుడు కొట్లాడుకొని కొట్లాడుకొని వాళ్లే తేల్చిన్రు. ఆన్ చెయ్యంగనే బండి అయిదు సెకన్లు గీత మీద అటు ఇటు తిరగాలె, అన్నిట్ల చిన్న నంబరేదో, పెద్ద నంబరేదో గుర్తుపెట్టుకోవాలె, రెండిటి నడిమధ్య ఉన్నదాన్నే హద్దు అనుకోవాలె. దీన్ని క్యాలిబ్రేషన్ అంటరు. పిలగాండ్లయితే "బండి వాసన చూస్తున్నది" అన్నరు, కొత్త గల్లీకి వచ్చిన కుక్క లెక్క. ఇంకో పిల్ల నల్ల చార్టు కత్తిరించి సెన్సార్ల చుట్టు పరదా కట్టింది, ఎందుకంటె ఎండ ఒకకాడ పడి ఒకకాడ పడకపోతే ఒక్క లెక్క పనిచెయ్యదు.

అయిదున్నరకు బండి స్తంభం పక్కకెళ్లి మంచిగ తిరిగిపోయింది. రెండు గంటలు పట్టింది. అక్కనే రాస్తే అయిదు నిమిషాల పని. అక్క కీబోర్డు ముట్టుకోలే.

ఇది నాకు చేతకాని పని, ఒప్పుకుంటున్న. పిలగాడు లెక్క తప్పు చేస్తుంటే నా చేయి ఊకోకపోయేది, సుద్దముక్క గుంజుకొని నేనే చేసేటోణ్ణి. ఎంతమంది తెలివిగల పిలగాండ్ల చేతులకెళ్లి సుద్దముక్క గుంజుకున్ననో.

టైం అయితున్నది. అమెరికాల డీన్ కామెన్ అనే ఆయన 1989ల ఫస్ట్ అని ఒక సంస్థ పెట్టిండు, 1992 సంది వాళ్లు బడి పిలగాండ్లకు రోబో పోటీలు పెడ్తున్నరు. అండ్ల వుడీ ఫ్లవర్స్ అని ఎంఐటీ ప్రొఫెసర్ పేరు మీద 1996 సంది ఒక అవార్డు ఇస్తున్నరు, అది పిలగాండ్లకు కాదు, వాళ్లకు నేర్పే మెంటర్లకు. నాకు నచ్చిందేందంటే, ఆ అవార్డుకు పేరు పంపెటోళ్లు పిలగాండ్లే, మా మెంటరు ఏం చేసిండో వాళ్లే కూసొని వ్యాసం రాయాలె. మన దిక్కు గూడ సామాన్లకు కొదవ లేదు, పిలగాండ్లు సొంతంగ చేసి నేర్చుకునెతందుకు 2016ల మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంల కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల దాక గ్రాంటు ఇచ్చింది, మన వరంగల్ నిట్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు టెక్నోజియాన్ అని టెక్నికల్ పండుగ చేస్తనే ఉన్నరు. డబ్బాల మోటర్లు వస్తయి, సెన్సార్లు వస్తయి, చున్నీ చేతులకు చుట్టుకొని కూసునే మనిషి రాదు.

అందుకని సన్మానం చేసెటోళ్లకు నాది ఒక్కటే మాట. శాలువా కప్పున్రి, వద్దంటలేను, మా ఇంట్ల నాయి గూడ బీరువ నిండ ఉన్నయి, ఏది ఎవరు కప్పిన్రో ఒక్కటి గూడ యాదికి లేదు. దానికంటె ముందు పిలగాండ్లతోని ఒక పేజీ రాయించున్రి. "మా అక్క చాలా మంచిది" అని రాస్తే వాపస్ ఇయ్యున్రి. ఏ రోజు, ఏం ఖరాబైంది, ఆమె ఏం అడిగింది, మనం ఏం చేసినం. గంతే. ఒక కాపీ ఆమెకు, ఒక కాపీ ల్యాబ్ గోడకు. వచ్చే ఏడు వరండాల బండి స్తంభానికి గుద్దితే ఆ గోడ చూస్తరు. ఇంకోటి, అక్క రైలు టికెట్లు, ఆమె కొనే బ్యాటరీలు, ఇవన్నీ ఎవరి జేబులకెళ్లి పోతున్నయో హెడ్‌మాస్టర్లు ఒక్కసారన్న అడగున్రి, అడిగితే లేదనే అంటరు, అయినా అడగున్రి.

మా బడిల ఆ ఎనిమిదో తరగతి పిల్లనే రాసింది. రెండు లైన్లు చదువుత. "వరండాలో ఎండ వల్ల మా రోబోకు గీత కనపడలేదు. అక్క మాకు జవాబు చెప్పలేదు, నీడ ఇచ్చింది." కింద సెన్సార్ బొమ్మ గీసింది, వైర్లు రంగులేసి మరీ.

సన్మానం నాడు అక్క ఆ కాయితం మడిచి సంచిల పెట్టుకున్నది, ఏం అనలే. ఆదివారం రాత్రి కాజీపేట ప్లాట్‌ఫాం మీదికెళ్లి దాని ఫోటో తీసి గ్రూపుల పెట్టింది. నల్ల వైరు చుట్టు ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి ఉన్నది. కింద రాసింది: "ఇది ఏడికి పోవాలె?"

రెండు నిమిషాల్ల పిల్ల జవాబు వచ్చింది. "గ్రౌండ్ పిన్నుకు అక్కా, మైనస్‌కు. సారీ అక్కా. గోడ మీది దాంట్ల గూడ మారుస్త."