ముద్దాయి రాకపోతే జైలు, ఎస్సై రాకపోతే ఇంకో తేదీ!

నమస్తే అండీ. సూటిగా ఒక్కటే అడుగుతున్నా. ముద్దాయి వాయిదాకు రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు, అంటే అరెస్టు చేసి కోర్టుకు పట్టుకురమ్మనే ఆర్డరు. మరి సాక్ష్యం చెప్పాల్సిన ఎస్సైగారు రాకపోతే? "బందోబస్తులో ఉన్నారు సార్" అని కోర్టు కానిస్టేబుల్ చెబుతాడు, కేసు ఇంకో తేదీకి పోతుంది. అంతే!

వాయిదాలు ఎగ్గొట్టినోడికి బెయిలు కొట్టేశారంటే చాలు, మన కర్నూలు జిల్లాలో టీకొట్టు దగ్గర్నుంచి బస్టాండు దాకా "బాగా అయింది" అనేవాళ్లే. చట్టం కూడా వాళ్ల వైపే ఉంది, కాదనను. బెయిలబుల్ కేసులో బెయిలు హక్కు కదా? అయినా సరే, చెప్పిన తేదీకి రాకపోతే అదే కేసులో మళ్లీ పట్టుకొచ్చినప్పుడు కోర్టు ఇవ్వనంటే ఇవ్వను అనొచ్చు, క్రిమినల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ 478వ సెక్షన్‌లోనే ఉంది. పైగా సరైన కారణం లేకుండా రాకపోవడమే ఇంకో నేరం, నేరాలకు శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్ 269వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. జామీనుగా పాసుపుస్తకం పెట్టిన బావమరిదికేమో నోటీసు. ఆయన జన్మలో ఇంకెవరికైనా జామీను ఉంటాడా?

ఇప్పుడు మన జిల్లాలోనే కోసిగి వైపు రండి. పంట చేతికి రాని ఏడాది ఊళ్లకు ఊళ్లే మూటలు కట్టుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. ఇళ్లకు తాళాలు, బడిలో సగం బెంచీలు ఖాళీ. గట్టు తగాదాలో కేసు పడిన కూలోడు ఆ గుంటూరు నుంచి ఆదోని కోర్టుకు రావాలి. రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలి, లాయరు ఖర్చు. తీరా వచ్చి ఏం చేస్తాడు? వరండాలో నిలబడతాడు, పేరు పిలుస్తారు, "సాక్షి రాలేదు" అంటారు, తేదీ రాసుకొని పోతాడు. ఇట్లా తిరిగి తిరిగి ఒక్కసారి రాలేదో, వారెంటు!

నేననేది ఇదీ. కేసు కదలకపోతే కోర్టుకు సులువుగా దొరికేది ముద్దాయే. సాక్షికీ వారెంటు ఇచ్చే అధికారం ఉంది. కానీ ఎస్సైగారి మీద దాన్ని బయటికి తీయాలంటే చేతులు రావు. ఆ కోపమంతా కూలోడి మీదికే. పెద్దోళ్లకైతే సరిగ్గా వాయిదా రోజే ఛాతీనొప్పి వస్తుంది, సర్టిఫికెట్ కూడా వస్తుంది.

సుప్రీంకోర్టు 2007లోనే ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. ప్రైవేటు కంప్లయింటు కేసుల్లో, అంటే పోలీసులు కాకుండా మనుషులే నేరుగా కోర్టులో వేసే కేసుల్లో, ముందు సమన్లు, తర్వాత పూచీ ఇస్తే వదిలేసే బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నాడని నమ్మకం కుదిరాకే నాన్ బెయిలబుల్ అని. "కావాలనే" అన్న ఆ ముక్క ఎవరు చూస్తున్నారు?

ఇంకోటి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన ఆ బీఎన్ఎస్ఎస్‌లోనే 355వ సెక్షన్ తీసి చదవండి. ముద్దాయి వీడియోలో కనబడినా హాజరైనట్టే! మిరప చేలో గట్టు మీద నిలబడి ఫోన్లో "ఉన్నాను సార్" అంటే సరిపోయే పనికి మనిషిని జైల్లో వేయడమేంది? జడ్జీలను కాదు, నేను లాయర్లనే అడుగుతున్నా. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ లాయర్లు ఎవరైనా చూస్తుంటే చెప్పండి సార్, వలసపోయిన క్లయింటు కోసం వీడియో హాజరుకు పిటిషన్ వేశారా? వేస్తే ఏమన్నారు?